తనంతట తాను దిగిన నట్టు

మొన్న మా ఇంట్లో గోంగూర పచ్చడి సీసా మూత అడ్డంగా పడి పట్టేసింది. మామూలుగా పట్టేయడం కాదు, పెద్ద ఆఫీసులో చిన్నవాడి ఫైలు పట్టేసినట్టు పట్టేసింది. నేను తిప్పాను. మా ఆవిడ తిప్పింది. పై అంతస్తు హాస్టల్లో ఉంటూ ఏదో కంప్యూటర్ కోర్సు నేర్చుకుంటున్న కుర్రాడు బనియన్‌తో దిగివచ్చి, ముందు కండలు చూపించి, తర్వాత తిప్పి, ఆఖరికి మణికట్టు పట్టుకుని పైకి వెళ్లిపోయాడు. వేడినీళ్లలో ముంచాం. తలుపు సందులో బిగించి లాగాం. తలుపు బందు ఊడింది గాని మూత ఊడలేదు. అప్పుడు మా ఆవిడ సీసాను ఒళ్లో పెట్టుకుని, "చాచా ఉంటే ఈపాటికి..." అని ఆగిపోయింది.

కిందటి చలికాలంలో చాచా చనిపోయాడు. ఆయన ఒకచోట కదలకుండా ఉండటం మా వీధి చూసింది ఆ ఒక్కరోజే. ఆ రోజు కూడా మోసుకెళ్లినవాళ్లు మామూలు కంటే బాగా జోరుగా నడిచారు. లోపలినుంచి ఆయనే తొందరపెట్టి ఉంటాడని నా అనుమానం.

ఆయనకు పేరు లేకపోలేదు. ఆధార్ కార్డు మీద ఉండే ఉంటుంది. మాకెవరికీ దాని అవసరం రాలేదు. అమీర్‌పేట మెట్రో స్టేషన్ వెనక సందుల్లో, రెండు హాస్టళ్ల మధ్య నలిగిపోతున్న పాత ఇల్లు ఆయనది. ఆ ఇంటి మెట్ల కింద ఒక బెంచీ, దానికి బిగించిన, వస్తువును కదలకుండా పట్టుకునే ఇనుప వైస్. బస్సు డిపోలో పనిముట్ల గది చూసుకుంటూ రిటైరయ్యాడు. ఆయన విద్య ఒక్కటే: బండ్ల పనిముట్లకు చెడిపోయిన మరలు బాగుచేయడం. జాకీ స్క్రూ కావచ్చు, ఇరుసు మీదనుంచి బేరింగును పీకే పుల్లరు కావచ్చు, పైపు రెంచీ కావచ్చు. స్క్రూ చుట్టూ మెట్లలా తిరుగుతూ పైకెక్కే గాడి ఉంటుందే, దాన్ని హైదరాబాద్ మెకానిక్కులు చూడీ అంటారు. అది దెబ్బతిన్నదంటే సనత్‌నగర్ షెడ్లనుంచి బేగంపేట గ్యారేజీల దాకా అందరూ చాచా మెట్ల కిందికి తల వంచుకుని రావాల్సిందే. తల వంచకపోతే మెట్టు తగిలేది.

కూర్చోవడం అనే విద్య మాత్రం ఆయనకు అబ్బలేదు. ఛాయ్ నడుస్తూ తాగేవాడు. హోటల్ మనిషి సాయంత్రం ఖాళీ గ్లాసులు ఏరడానికి బయల్దేరితే చాచా గ్లాసు ఒకరోజు కరెంటు డబ్బా మీద దొరికేది, ఒకరోజు మెట్రో స్తంభం దిమ్మె మీద. ఒకసారి పంజాగుట్ట చౌరస్తాలో ట్రాఫిక్ కానిస్టేబుల్ గొడుగు కింద దొరికింది, అందులో కానిస్టేబుల్ చిల్లర వేసుకుంటున్నాడు. చాచాతో మాట్లాడాలంటే పక్కన నడవడం తప్ప దారి లేదు. మా ఆవిడ మా గుమ్మంలో బియ్యం గురించి మొదలుపెట్టిన ముచ్చట బేగంపేటలో ముగిసింది. తిరిగి రావడానికి ఆటో ఎక్కింది. మెట్రోలో అయితే నేను కళ్లారా చూశాను. రైలు కదలగానే ఆయన బోగీల్లోంచి ముందుకు నడవడం మొదలుపెట్టాడు. ఎందుకు చాచా అంటే, రైలు నడక రైలుది, నా నడక నాది, రెండూ కలిస్తే జర జల్ది చేరుకుంటం గదా అన్నాడు. నిజంగానే స్టేషన్లో నాకంటే ముందు మెట్లు దిగాడు. మెట్ల దగ్గరి తలుపులోంచి దిగాడు మరి.

కాళ్ల సంగతి ఇది. చేతులు ఇంతకంటే అన్యాయం. మర ఉన్న వస్తువు కంటపడితే వేళ్లు వాటంతట అవే వెళ్లిపోయేవి. పెళ్లికి పిలిస్తే మనం అక్షింతలు వేసి వచ్చేలోగా భోజనాల బల్లల కాళ్లన్నీ విప్పి మళ్లీ బిగించేవాడు. మంగలి కుర్చీలో కూర్చోమంటే కుర్చీని బోర్లించి దాని స్క్రూ బయటికి లాగి, గడ్డం సగం నురగతోనే మెట్ల కిందికి పట్టుకెళ్లాడు. డాక్టరు దగ్గర బీపీ మిషను గాలి మర వదులుగా ఉందని విప్పదీశాడు. ఆ పూట పెరిగింది డాక్టరుగారి బీపీ.

ఎవరు ఎదురైనా బాగున్నారా అని అడిగే అలవాటు లేదు. "జాకీ ఎట్లుంది?" అనేవాడు. మన ఆరోగ్యం, పిల్లల చదువు, ఇంటి అద్దె అన్నీ ఆ ప్రశ్నలోనే ఉన్నట్టు మొహంలోకి చూసేవాడు. బాగుంది చాచా అంటే నమ్మేవాడు కాదు. డిక్కీ తెరిపించి, జాకీ తీసి, రెండు చుట్లు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "గీనికి నొప్పున్నది సార్" అని చంకన పెట్టుకుని వెళ్లిపోయేవాడు. ఇక ఆ జాకీ ఎప్పుడు తిరిగొస్తుందో చెప్పడానికి జాతకం చూపించుకోవాలి. ఆయన భార్య, మా చాచీ మాత్రం ఆయన్ని పట్టించుకోవడం ఎప్పుడో మానేసింది. నిద్రలో సుత తిప్పుతడు, నా దిండు గలీబు కుట్లు ఊడిపోయినయ్ అని వచ్చేపోయేవాళ్లకు చూపించేది.

పని చేసే తీరు చూడటానికి మాత్రం నేను పనులు మానుకుని వెళ్లేవాణ్ని. నాకు పనులు మానుకోవడం మొదటినుంచీ సులభం. ముందు కిరోసిన్‌లో నానబెట్టి తీగ బ్రష్షుతో తోమేవాడు. తర్వాత కళ్లు మూసుకుని ఎడమచేతి బొటనవేలి గోరు గాడిలో పెట్టి, స్క్రూను మెల్లగా తిప్పుకుంటూ పోయేవాడు. ఆ ఒక్క గోరు పెంచేవాడు. దెబ్బతిన్న చోటికి రాగానే గోరు ఎగిరేది, పన్నునొప్పి ఆయనకే వచ్చినట్టు చాచా మొహం ముడుచుకునేది. అక్కడ మూడు మూలల సన్న ఆకురాయి పెట్టి, నలిగిన అంచును మాత్రం తీసేవాడు. తర్వాత నట్టు ఎక్కించి, నూరుడు పేస్టు పూసి, ముందుకు సగం చుట్టు, వెనక్కి పావు చుట్టు, ముందుకు సగం, వెనక్కి పావు. పైన చెయ్యి ఇలా తిరుగుతుంటే కింద కాలు పరుగుపందెంలో ఉన్నట్టు కొట్టుకుంటూనే ఉండేది. వేరేవాళ్లలా కొత్తగా మర కోసెయ్యడం ఆయనకు గిట్టదు. కోస్తే నున్నగా వస్తది గాని కండ పోతది అనేవాడు. దారి తప్పినదానికి దారి చూపాలె, దాని కాళ్లు నరకొద్దు.

అంతా బాగానే ఉంది గాని, చాచాకు ఒక సరదా ఉండేది. పని అయ్యాక ప్రదర్శన. ఛాయ్ హోటల్ ముందుకు వచ్చి, బాగుచేసిన స్క్రూను నిలువుగా పట్టుకుని, పై కొసన నట్టు ఎక్కించి, వేలితో ఒక్కసారి మీటేవాడు. నట్టు గిర్రున తిరుగుతూ తనంతట తాను కిందిదాకా దిగి ఆయన అరచేతిలో పడేది. అప్పుడు చాచా మొహం చూడాలి. చార్మినార్ ఆయనే కట్టి, ఇప్పుడే సున్నం చేతులు కడుక్కుని వచ్చినట్టుండేది. చుట్టుపక్కల కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ల పిల్లలు ఫోన్లలో వీడియోలు తీసేవాళ్లు. ఆయన రెండోసారి వేసేవాడు.

ఈ సరదాయే ఒకరోజు ఆయన ప్రాణం మీదికి తెచ్చింది. సరిగ్గా చెప్పాలంటే యాదగిరి ప్రాణం మీదికి.

యాదగిరి మా వీధి చివర ఉండే క్యాబ్ డ్రైవరు. ముప్పై దాటని మనిషి, ఇద్దరు ఆడపిల్లలు. బండికి వచ్చిన చిన్నా చితకా మరమ్మతులన్నీ బండి కిందికి దూరి తనే చేసుకునేవాడు. అతని జాకీ తిరగనని మొరాయిస్తే చాచా తీసుకెళ్లి మెట్ల కింద పెట్టుకున్నాడు. పంజాగుట్టలో టైర్ల షాపు నడిపే నర్సింగ్ అదే సమయానికి ఛాయ్‌కి వచ్చాడు. నర్సింగ్‌కు చాచాను గిల్లకపోతే ఛాయ్ అరగదు. మామూలు బోల్టుకు నట్టు దిగడం గొప్ప కాదు, జాకీ నట్టును దింపితే అప్పుడు ఒప్పుకుంటానన్నాడు.

"జాకీ నట్టు ఎన్నడు దిగది చాచా. గది బరువు మోసేది, నీ లెక్క నాచ్‌గాన చేసేది కాదు."

అంతే. చాచా పది వాక్యాల జవాబు చెప్పే మనిషి, ఛాయ్ గ్లాసు నర్సింగ్ చేతిలో పెట్టి మెట్ల కిందికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత కొన్ని రోజులు మా సందులో ఆకురాయి చప్పుడు తప్ప వేరే సంగీతం లేదు. యాదగిరి రోజూ వచ్చి నా జాకీ నాకియ్యి చాచా అని బతిమాలేవాడు. బుకింగులు పోతున్నాయని, టైరు పంక్చరైతే పక్క బండివాళ్ల కాళ్లు పట్టుకోవాల్సి వస్తోందని మొత్తుకునేవాడు. చాచా చెయ్యి ఊపేవాడు.

చివరికి ఒక సాయంత్రం ప్రదర్శన జరిగింది. నర్సింగ్ సహా పేట పేటంతా వచ్చింది. చాచా జాకీ స్క్రూ నిలబెట్టాడు, బరువైన ఆ దిమ్మెలాంటి నట్టును కొసన ఎక్కించాడు, మీటాడు. అది ముందు బద్ధకంగా కదిలింది, తర్వాత తిరిగింది, తిరుగుతూ తిరుగుతూ కిందిదాకా దిగి చాచా చేతిలో కూర్చుంది. చప్పట్లకు మెట్రో పట్టాల మీది పావురాలు లేచాయి. నర్సింగ్ తన తలమీది టోపీ తీసి చాచా తలకు పెట్టాడు. యాదగిరి మాత్రం చప్పట్లు కొట్టకుండా జాకీని బిగించుకుని, మళ్లీ ఎవరైనా లాక్కుంటారేమోనన్నట్టు పరుగున డిక్కీలో వేసుకుపోయాడు.

మర్నాడు పొద్దున పాల ప్యాకెట్ కంటే ముందు చాచా మా గుమ్మంలో ఉన్నాడు. లోపలికి రమ్మంటే వచ్చి మా భోజనాల బల్ల చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయన తిరుగుడు నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు తిరుగుడులో ఏదో తేడా ఉంది. ఎప్పుడూ ఎక్కడికో పోతున్నట్టు తిరిగేవాడు, ఆ రోజు ఏదో తరుముతున్నట్టు తిరిగాడు.

"నట్టు దిగింది సార్," అన్నాడు.

దిగింది కదా, చప్పట్లు కొట్టాం కదా అన్నాను.

"దిగొద్దు. గట్ల దిగొద్దు."

జేబులోంచి న్యూస్‌పేపర్ పొట్లం తీసి బల్ల మీద విప్పాడు. అందులో పిడికెడు నల్లటి ఇనుప పొడి. పొద్దున లేచి బెంచీ ఊడుస్తే వచ్చిందట. ఎప్పుడూ చిటికెడు వచ్చేది, ఈసారి ఇంత వచ్చింది. నేను అది తుప్పు అనుకున్నాను.

"ఇది తుప్పు కాదు సార్," అన్నాడు చాచా. "ఇది యాదగిరి జాకీ."

అప్పుడు నాకు అర్థమైంది. నర్సింగ్ మాట మీద పంతానికి పోయి, నట్టు తనంతట తాను దిగాలని, నలిగిన అంచులతో పాటు మంచి అంచులనూ ఆకురాయితో గీశాడు. పేస్టు పూసి నూరాడు. చూడీ పల్చబడి కాయితమైపోయింది. అంత నున్నగా దిగిందంటే పట్టుకోవడానికి లోపల ఏమీ మిగల్లేదన్నమాట. కారు బరువు పడితే ఆ కాయితం అంచులు ఎప్పుడు మడతపడతాయో తెలియదు. ఆ జాకీ పెట్టుకుని యాదగిరి బండి కిందికి దూరతాడు.

ఫోన్ చేయండి చాచా అన్నాను. ఎప్పుడు చేసినా బిజీ వస్తోందన్నాడు. ఆ రహస్యం నాకు తెలుసు. జాకీ ఎట్లుంది అని రోజుకోసారి ఫోన్లో కూడా అడుగుతాడని పేటలో కారున్నవాళ్లలో సగంమంది ఆయన నంబరు బ్లాక్ చేసి పెట్టారు. ఆయనకు మాత్రం ఈ మధ్య అందరికీ పనులు మస్తు పెరిగాయని సంతోషం. నా ఫోన్‌తో చేశాను. మోగింది, మోగింది, మోగి ఆగిపోయింది. మళ్లీ చేశాను. మోగుతుంటే చాచా నా చెవికి తన చెవి ఆనించి నిలబడ్డాడు. ఎత్తలేదు.

మీరు నమ్మరు గాని, నేను లుంగీ మీద ప్యాంటు వేసుకుని బయల్దేరాను. యాదగిరి ఇంటి ముందు బండి లేదు. అతని భార్య నీళ్ల బిందె దించి, సైలెన్సరు ఊడి చప్పుడు చేస్తోందని, పంజాగుట్టలో నర్సింగ్ షాపు పక్కన బండి లేపి కిందినుంచి తీగ కట్టుకుంటానని వెళ్లాడని చెప్పింది. ఎందుకు అన్నా అని అడిగింది. ఊరికే అన్నాను. ఆమె నా మొహంకేసి కాకుండా చాచా మొహంకేసి చూసింది. చాచా అప్పటికే సగం వీధి దాటిపోయాడు.

అమీర్‌పేటనుంచి పంజాగుట్ట ఎంత దూరం? కాకి ఎగిరితే ఒక్క రెక్క ఊపు. ఆ పొద్దున మాత్రం అది కాశీ అంత దూరమైంది. నా పాత గేర్ల స్కూటరు మీద వెనక కూర్చున్న చాచా నా రెండు భుజాలను పట్టుకుని, స్కూటరు నా మెడతో నడుస్తుందన్నట్టు తిప్పుతున్నాడు. చౌరస్తాలో దేశంలోని నిరుద్యోగమంతా ఒకేసారి రోడ్డు దాటుతోంది. కరపత్రాలు పంచేవాళ్లు మా ఇద్దరి చేతుల్లో కోర్సుల కాగితాలు కుక్కారు. చాచాకు ఉద్యోగం గ్యారంటీ అని ఒకడు హామీ కూడా ఇచ్చాడు. సిగ్నల్ పడింది. చాచా దిగిపోయాడు. "మీరు అస్తుండుండ్రి" అని, బస్సుల మధ్యలోంచి, షేర్ ఆటోల పక్కనుంచి, ఎత్తిన లుంగీతో పరుగు. డెబ్బై దాటిన మనిషి. మెట్రో స్తంభాలు లెక్కపెట్టుకుంటూ నేను వెనక వెళ్తుంటే, ఒక్కో స్తంభం వెనక ఆయన తెల్లజుట్టు కనపడి మాయమవుతోంది. ఇంకోవైపు నా జేబులో ఫోన్ యాదగిరికి మోగుతూనే ఉంది. ఎత్తడం లేదు. ఫోన్ ఎత్తని మనిషి ఎక్కడెక్కడ ఉండొచ్చో నేను రకరకాలుగా ఊహించుకున్నాను. స్నానం చేస్తూ ఉండొచ్చు. నిద్రపోతూ ఉండొచ్చు. నా ఊహలన్నీ తిరిగి తిరిగి ఒక్కచోటికే వచ్చి ఆగుతున్నాయి.

ఇద్దరం దాదాపు ఒకేసారి చేరాం. పంజాగుట్ట పెద్దరోడ్డు పక్క సందులో నర్సింగ్ షాపు. దాని ముందు యాదగిరి బండి, ముందు భాగం గాలిలో లేచి ఉంది. డాష్‌బోర్డు మీద ఫోన్ నీలంగా వెలుగుతూ గిరగిరా తిరుగుతోంది. బండి కిందినుంచి రెండు కాళ్లు బయటికి ఉన్నాయి. ఒక కాలికి చెప్పు ఉంది, రెండోది ఊడి పక్కన పడి ఉంది.

ఆ కాళ్లు కదిలేదాకా నా గుండె నా దగ్గర లేదు. కదిలాయి. కింద తీగను పట్టకారుతో మెలిపెడుతున్న చప్పుడు వచ్చింది.

నేను అరవబోయాను. చాచా నా నోటికి చెయ్యి అడ్డం పెట్టాడు. అదాటున పిలిస్తే మనిషి ముందు తలెత్తుతాడట, తల బండికి తగిలితే కాళ్లు తంతాడట. ఆ మాట తర్వాత చెప్పాడు. అప్పుడు మాత్రం చప్పుడు లేకుండా నర్సింగ్ షాపు గోడకు ఆనించిన చక్రాల దగ్గరికి వెళ్లాడు. రిమ్ముతో ఉన్న చక్రాన్ని ఒకదాన్ని దొర్లించుకుంటూ వచ్చి, డ్రైవరు తలుపు కింద బండి అడుగున మెల్లగా పడుకోబెట్టాడు. మళ్లీ వెళ్లి ఇంకోటి తెచ్చి దాని మీద పెట్టాడు. ఊపిరి ఈలలా వస్తోంది. అప్పుడు వంగి, పసిపిల్లను లేపినట్టు పిలిచాడు.

"యాదగిరీ, జర బయటికి రా బిడ్డ."

కిందినుంచి ఒక నిట్టూర్పు వినపడింది. "చాచా, నీకు దండం పెడ్త. జాకీ ఇయ్య."

"జాకీ అద్దు. నువ్వు రా."

"నిన్ననే గదా ఇచ్చినవ్. మల్ల ఏం నొప్పి వచ్చింది దానికి? గీ తీగ కట్టినంక మాట్లాడ్దం."

పట్టకారు మళ్లీ మొదలైంది. ఒక మెలికకు బండి కొద్దిగా ఊగింది. షాపులోంచి నర్సింగ్ గాలి పైపు చేత్తో పట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. నిన్న తను పెట్టిన టోపీ గుర్తుచేశాడు. పేరొచ్చింది గదా, ఇంక గా పిలగాన్ని పని చేసుకోనియ్యి చాచా అన్నాడు. అప్పటికే పక్క షాపులవాళ్లు కూడా వచ్చి చేరారు. నిన్న చప్పట్లు కొట్టినవాళ్లు అందులో ఉన్నారు.

చాచా నర్సింగ్‌ను చూశాడు. గుంపును చూశాడు. ఆ రెండు కాళ్లను చూశాడు. నేను ఆయన్ని చాలా ఏళ్లుగా ఎరుగుదును. మెట్ల కిందికి వచ్చిన ఏ స్క్రూ విషయంలోనూ, తన చేతిలో పొరపాటు జరిగిందని ఆయన నోట నేను వినలేదు.

"నేను దాన్ని ఖరాబ్ చేసిన, యాదగిరీ," అన్నాడు. గొంతు పెంచలేదు గాని అందరికీ వినపడింది. "నట్టు దిగాలెనని చూడీ మొత్తం తినేసిన. నలుగురిల షాన్ కోసం చేసిన. గది నిన్ను మొయ్యది. బయటికి రా."

పట్టకారు ఆగింది. తర్వాత ఆ కాళ్లు మడమల మీద ఒత్తుకుంటూ, అంగుళం అంగుళం బయటికి రావడం మొదలుపెట్టాయి. మోకాళ్లు వచ్చాయి, నడుము వచ్చింది, మసి పట్టిన చొక్కా వచ్చింది. తల బయటికి వచ్చేసరికి నాకు ముగ్గురు పిల్లల్ని కన్నంత అలసట వచ్చింది.

బండి పడలేదు. అలాగే నిలబడింది. జాకీ కూడా నిలబడింది, ఏం నేరం చేశానని ఇంత గొడవ అన్నట్టు. నర్సింగ్ బానెట్ మీద అరచేత్తో తట్టి, మంచిగనే ఉంది గదా, ఊకె హైరానా చేసినవ్ అన్నాడు. గుంపుకు ధైర్యం వచ్చి నవ్వింది. చాచా నవ్వలేదు. బండి చుట్టూ తిరిగాడు. ఒక చుట్టు, ఇంకో చుట్టు. ఆయనకు అది పడాలని ఉందో, పడకూడదని ఉందో నాకు అంతు చిక్కలేదు. పడకపోతే నలుగురిలో ఊరికే పరువు తీసుకున్నట్టు. పడితే తన చెయ్యి ఒక మనిషిని చంపబోయిందని రుజువైనట్టు. ఆ తిరుగుడు చూడలేక యాదగిరే వెళ్లి హ్యాండిల్ తిప్పి బండిని చాచా పెట్టిన చక్రాల మీదికి దించాడు. జాకీని లాగి చాచా ముందు పెట్టాడు.

చాచా అక్కడే గొంతుక్కూర్చుని స్క్రూ బయటికి తీశాడు. బట్టతో తుడిచి, కళ్లు మూసుకుని, గాడిలో గోరు పెట్టి తిప్పాడు. మధ్యకు వచ్చేసరికి గోరు ఆగింది. ఎత్తి చూపించాడు. గోటి కొసన వెంట్రుకలా చుట్టుకున్న ఇనుప పొర వేలాడుతోంది. స్క్రూ మీద ఆ చోట అంచు అప్పడంలా మడత పడి ఉంది. బండి బరువుకే మడత పడింది. దాని పక్క అంచు కూడా వంగడం మొదలుపెట్టింది.

నర్సింగ్ లోపలికి వెళ్లి కంప్రెసర్ ఆపేశాడు. యాదగిరి ఆ పొరను తన వేలి మీదికి తీసుకుని చాలాసేపు చూశాడు. తర్వాత గోడవార ఉన్న టైర్ల మీద కూర్చుని నీళ్లు అడిగాడు. సీసా మూత నేనే తిప్పి ఇచ్చాను.

చాచా జాకీని సంచిలో వేసుకున్నాడు. కొత్తది తనే కొనిస్తానన్నాడు. ఇక మెట్ల కింద పని బంద్ అన్నాడు. ఈ రోజునుంచి తన చెయ్యిని తనే నమ్మలేనని, వైస్ విప్పి పాతసామానువాడికి ఇచ్చేస్తానని, ఎవరినీ చూడకుండా, రోడ్డుకు చెబుతున్నట్టు చెప్పాడు. పోదామా సార్ అని నా వైపు తిరిగాడు. నేను స్కూటరు తాళం వెతుక్కుంటున్నాను. అది నా చేతిలోనే ఉంది.

"ఆగు చాచా," అన్నాడు యాదగిరి. లేచి, మసి చేతులు ప్యాంటుకు తుడుచుకున్నాడు. "కొత్త జాకీ అంటున్నవ్. మంచిదే. రేపు గది ఖరాబైతే, చేసిన కంపెనోడు నీ లెక్క నా కోసం గిట్ల ఉరికొస్తడా?"

చాచా సంచిని ఈ చేతినుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"రాడు," అన్నాడు. "నేను సుత రోజు ఉరకలేను. కిందికి పోయేముందల పక్కన చక్రం పెట్టు. నా జాకీ అయినా, కంపెనీ జాకీ అయినా, చక్రం పెట్టు." పెడతానని యాదగిరితో తన తలమీద చెయ్యి వేయించుకుని మరీ ఒప్పించాడు. తర్వాత సంచి కింద పెట్టి నర్సింగ్ వైపు తిరిగి, తన చేతి మీదుగా పోయిన జాకీలు షాపులో ఎన్ని ఉంటే అన్నీ బయటికి తెమ్మన్నాడు. నర్సింగ్ ఆ రోజు మొదటిసారి ఎదురు మాట్లాడలేదు. ఒక్కొక్కటే తెచ్చి, పూజ సామాను పెట్టినంత నెమ్మదిగా ఆయన ముందు పెట్టాడు.

ఆ తర్వాత చాచా మెట్ల కింద పని మానలేదు. ఛాయ్ హోటల్ ముందు ప్రదర్శన మాత్రం ఇంకెప్పుడూ జరగలేదు. తను బాగుచేసిన ప్రతి జాకీని వెతుక్కుంటూ సందుసందూ తిరిగాడు. సనత్‌నగర్ పోయాడు, బేగంపేట పోయాడు, ఎవరో యూసఫ్‌గూడలో ఇల్లు మారారంటే అక్కడికీ పోయాడు. యాదగిరి ఆ రోజే ఆయన నంబరు బ్లాక్ తీసేశాడు. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు, మిగతా డ్రైవర్లకు మాత్రం చెప్పాడు. పోయిన చలికాలం దాకా చాచా ఫోను చేస్తే పేటంతా ఎత్తేది.

నిన్న పొద్దున పాల కోసం వీధి చివరికి వెళ్లాను. యాదగిరి ఇంటి ముందు వేరే క్యాబ్ ఆగి ఉంది. మహబూబ్‌నగర్‌నుంచి కొత్తగా వచ్చిన డ్రైవరు బండి జాకీ మీద లేపి, గోనెసంచి పరిచి, కిందికి దూరబోతున్నాడు. చాచాను అతను చూసి ఉండడు. యాదగిరి పళ్లు తోముకుంటూ గడపలోంచే కేకేశాడు.

"ఏ తమ్మీ, చాచాను పెట్టినవా?"

పెట్టలేదన్నా అని నాలుక కరుచుకుని, అతను లేచి డిక్కీలోంచి స్టెప్నీ చక్రం దించి, దొర్లించుకొచ్చి, బండి కింద అడ్డంగా పడుకోబెట్టాడు. దాని మీద ఒకసారి కాలేసి అదిమి చూసుకున్నాడు. అప్పుడు కిందికి దూరాడు.